రాచపుండు నొప్పియు, నల్లమందు చరిత్రయు

సంస్కృతమున 'విద్' అను ధాతువొకటి కలదు. తెలియుట యని దాని యర్థము. వేదము, విద్య, విద్వాంసుడు మొదలైన మాటలు దానినుండి పుట్టినవే. మన వైద్యగ్రంథములలో నొప్పికి వాడిన 'వేదన' యను మాటకును మూలము ఆ ధాతువే. పూర్వులు ఈ పేరు పెట్టుటలో ఎంతో యోచన యున్నదని నాకు తోచును. నొప్పి అనుభవించువానికి మాత్రమే తెలియును. పక్కన కూర్చున్న భార్యకు తెలియదు, కన్నతల్లికి తెలియదు, నాడి పట్టిన వైద్యునికిని తెలియదు. అతడు నోరు విప్పి చెప్పిననే ఇతరులకు తెలియును. నేటి వైద్యులును రోగిని పట్టుకొని, "సున్న అనగా నొప్పి లేదు, పది అనగా ఇంతకు మించిన నొప్పి ఉండదు, నీది ఎంత?" అని అడుగుచున్నారు. అతడు ఏడని చెప్పిన, ఏడే యని వ్రాసికొందురు. కాదనుటకు రెండవవానికి అధికారము లేదు.

నేటి ప్రసంగ విషయము నోటను, నాలుకమీదను, దవడలోను, గొంతులోను లేచెడి రాచపుండు. దీనిని వైద్యులు క్యాన్సరందురు. దీనికి శస్త్రచికిత్స కలదు, కిరణచికిత్స కలదు, నరములలోనికి ఎక్కించు మందులు కలవు. ముందుగా కనిపెట్టినచో కుదుటబడువారు అనేకులు. అయినను మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల పల్లెలలో తరచుగా వినవచ్చెడి కథ యొకటి యున్నది. రోగి బెంగుళూరికి పోవును. 'కరెంటు పెట్టించుట' మొదలగును. రెండు వారములు బాగుగనే గడచును. మూడవ వారమున నోరంతయు పొక్కి, ఉమ్మి మ్రింగుటకైనను వీలుకాక, "చచ్చిన ఇంటిలోనే చచ్చెదను" అని రైలెక్కి తిరిగి వచ్చును. ఊరివారు "ఆ కరెంటే వానిని చంపినది" అందురు. కాని అతనిని వెనుకకు పంపినది నొప్పి. నడుమ ఆపిన చికిత్సవలన పుండు మరల తల ఎత్తును. కావున ఈ రోగమున నొప్పిని చల్లార్చుట చికిత్సతో పాటు జరుగవలసిన పని. ఈ సంగతి లోకము గ్రహించుటకు ఎంత కాలము పట్టినదో, నడుమ మన దేశమున ఎట్టి అన్యాయము జరిగినదో పెద్దలైన మీకు మనవి చేసెదను.

ముందుగా తాంబూలపు మాట చెప్పవలెను. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము కూలిన పిదప ఆ రాజులు పెనుకొండను రాజధానిగా చేసికొనిరని మీరెరుగుదురు. అంతకు నూరేండ్లకు పైబడిన కాలమున, 1443లో, పారసీక రాయబారియగు అబ్దుర్ రజాక్ విజయనగరమునకు వచ్చి, కొలువులో తనకిచ్చిన తాంబూలమును మెచ్చుకొనుచు దాని గుణములను విపులముగా వ్రాసెను. ఆ తాంబూలమున పొగాకు లేదు. ఉండుటకు వీలును లేదు; ఏలయన పొగాకు అమెరికా ఖండపు మొక్క. అది పోర్చుగీసువారి ఓడలలో మన పడమటి తీరమున దిగి, దక్కను భూములలోనికి ప్రాకినది. అక్బరు కొలువువాడగు అసద్ బేగ్ బిజాపురమునుండి పొగాకును, దానిని త్రాగు గొట్టమును కొనిపోయి చక్రవర్తికి వింతగా చూపినది 1600 దాటిన తరువాతనే. కాబట్టి "తాతముత్తాతలనాటి యలవాటు" అని పొగాకును సమర్థించువారు, ఏ తాతనాటిదో కొంచెము లెక్క చూచుకొనుట మంచిది. ఆకు వక్కలు మన పూజలలోను, పెండ్లిండ్లలోను మంగళద్రవ్యములు. పొగాకు నడుమ వచ్చి దానిలో చేరిన పరదేశి.

అయితే వక్కయు నిర్దోషి కాదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన జిల్లాలు మదరాసు రాజధానిలో నుండిన కాలముననే, 1902లో, మదరాసులోని శస్త్రవైద్యుడు నిబ్లాక్ నోటి క్యాన్సరును, తాంబూల సేవనమును జోడించి వ్రాసెను. 1950ల నుండి విశాఖపట్టణపు వైద్యులు, అచ్చట స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటబెట్టుకొని త్రాగెడి 'అడ్డపొగ' వలన అంగిట పుండు లేచుచున్నదని చూపిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధక సంఘము 1985లో పొగాకు కలిసిన తాంబూలమును, 2004లో ప్రకటించిన గ్రంథమున పొగాకు లేని వక్కను గూడ ఈ రోగమునకు కారణములుగా నిర్ణయించెను. గుట్కా, ఖైనీలను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. నోట తెల్లని మచ్చగాని, ఎర్రని మచ్చగాని, మూడు వారములైనను మానని పుండుగాని, తగ్గని గొంతు బొంగురుగాని, మెడలో గట్టి గడ్డగాని కనబడిన వైద్యునికి చూపవలెను. మొదట నొప్పి యుండకపోవుటయే ఈ రోగపు కపటము. నొప్పి లేదు గదా యని ఊరకుందురు. నొప్పి వచ్చునప్పటికి పుండు లోతుకు పోయి యుండును.

ఇక ప్రాచీనులు నొప్పికి ఏమి చేసిరో చూతము. సుశ్రుతుడు 'అర్బుదము' అను వ్యాధిని గుండ్రనిది, కదలనిది, మెల్లగా పెరుగునది, చీము పట్టనిది అని వర్ణించెను. నేటి గడ్డ రోగములను చూచినవారికి ఈ వర్ణన ఆశ్చర్యము గొలుపును. శస్త్రము చేయుటకు ముందు రోగికి ఆహారమిమ్మనియు, నొప్పికి తాళలేనివాడు మద్యమునకు అలవాటుపడినవాడైనచో తీక్ష్ణమైన మద్యము పట్టుమనియు ఆయన చెప్పెను. కోసిన పిదప పుట్టు వేదనకు యష్టిమధుకము కలిపిన నేతిని గోరువెచ్చగా పోయుమనెను. యష్టిమధుకమనగా మన అతిమధురము. రోగి బాధను ఓర్చుకొనవలెనని ఆయన అనలేదు. బాధ తగ్గు ఉపాయము చెప్పెను. శస్త్రవైద్యులకు తండ్రివంటివాడు నొప్పిని చిన్నచూపు చూడలేదనుట మనము జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి.

నల్లమందు చరక సుశ్రుతుల గ్రంథములలో కానరాదు. తరువాతి కాలమున వచ్చినది. పదమూడు, పదునాలుగు శతాబ్దుల నాటి శార్ఙ్గధర సంహితలో 'అహిఫేనము' అను పేర కనబడును. పాము నురుగు అని ఆ పేరునకు అర్థము. మందుల గుణములను విభజించుచు, జీర్ణము కాకమునుపే ఒడలంతయు వ్యాపించు ద్రవ్యములకు గంజాయిని, అహిఫేనమును శార్ఙ్గధరుడు ఉదాహరణముగా నిచ్చెను. మన వంటింటి గసగసాలు ఆ మొక్క గింజలే. గింజలలో మత్తు లేదు. పచ్చికాయను గీటు పెట్టిన కారు పాలు ఎండి నల్లబడినదే నల్లమందు. మన పల్లెలలో దానిని అతిసారమునకును, నిద్రపట్టని ముసలివారికిని వాడిరి. పసిపిల్లలు ఏడువకుండుటకు నాకించినవారును లేకపోలేదు; అది మహా ప్రమాదకరమైన పని. ఇట్లు ఒకే పదార్థమునకు రెండు ముఖములు: ఒకవైపు ఓదార్పు, ఒకవైపు వ్యసనము. దాని తరువాతి చరిత్రయంతయు ఈ రెండు ముఖముల తగవే.

జర్మనీ దేశమున సెర్ట్యూర్నరను యువకుడు మందుల అంగడిలో పనిచేయుచు, 1804-05 ప్రాంతమున నల్లమందులోని సారమును వేరుపరచెను. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియసు పేర దానికి నామకరణము చేసెను. అదియే మార్ఫిన్. నల్లమందు ముద్దలో సారమెంతయో ఎవరికిని తెలియదు. ఒక ముద్దలో ఎక్కువ, ఒక ముద్దలో తక్కువ. సారము వేరుపడిన పిదప తూకము ప్రకారము ఇంత యని ఇచ్చుటకు వీలు కలిగెను. వైద్యమునకు కొలత వచ్చినదనిన సగము భయము పోయినట్లే. 1853లో చర్మము క్రింద మందు ఎక్కించు సూది వాడుకలోనికి వచ్చెను.

ఇచ్చట మనవారందరు ఎరిగిన యొక మహానుభావుని సంగతి చెప్పవలసియున్నది. శ్రీరామకృష్ణ పరమహంసకు 1885లో గొంతున క్యాన్సరు లేచెను. మహేంద్రలాల్ సర్కార్ మొదలగు వైద్యులు చూచిరి. మాటలాడవద్దని చెప్పిరి, ఆయన మాటలాడుట మానలేదు. కడపటి నెలలలో పలుచని జావ తప్ప మరేమియు మ్రింగలేకపోయెను. కాశీపూరు తోట యింటిలో 1886 ఆగష్టు 16వ తేదీన దేహము చాలించెను. ఆయన బాధను దేహమునకు విడిచి, మనస్సును వేరొకచోట నిలిపియుంచెనని భక్తులు చెప్పుదురు. నేను దానిని సందేహింపను. కాని ఆ కథను మన యిండ్లలో ఉపయోగించు తీరు నాకు సమ్మతము కాదు. దవడ పుండుతో మూలుగుచున్న రైతును చూచి, "పరమహంసయే ఓర్చుకొన్నాడు, నీవు ఓర్చుకొనలేవా?" అనుట ఎక్కడి ధర్మము? పరమహంసకు గల సమాధి ఆ రైతునకు లేదు. ఆయన చుట్టునున్న శిష్యులైనను బాధ తగ్గించుటకు తమకు తోచినదంతయు చేసిరే కాని, ఓర్చుకొనుమని ఉపదేశింపలేదు. "కర్మ అనుభవింపక తప్పదు" అనువారును కలరు. ఆకలియు కర్మమే యనవచ్చును. అయినను మనము అన్నము పెట్టుచున్నాము గదా.

మరల చట్టముల కథకు వచ్చెదను. ఆంగ్ల ప్రభుత్వము గాజీపురమున 1820లో నల్లమందు కర్మాగారము పెట్టి, చీనాకు అమ్మి ధనరాసులు గడించెను. 1857లోను, 1878లోను చేసిన చట్టములు ఆ సాగును, వ్యాపారమును ప్రభుత్వము గుప్పిట నుంచినవి. ప్రజలలో వ్యసనము పెరిగి, లోకమున అపకీర్తి కలిగిన పిదప, 1912లో హేగు నగరపు ఒడంబడిక, 1930లో మన దేశమున ప్రమాదకర ఔషధముల చట్టము వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము 1961లో ప్రపంచ దేశములన్నియు కూడి చేసికొన్న ఒడంబడికలో, ఈ మందులు బాధానివారణకు అత్యవసరములనియు, అవి రోగులకు దొరకునట్లు చూడవలెననియు స్పష్టముగా వ్రాసికొనిరి. వ్రాసినది వేరు, జరిగినది వేరు.

1985లో మన పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టము చేసెను. దొంగ వ్యాపారమును అణచుటయే దాని ఉద్దేశము. ఆ ఉద్దేశము మంచిదే. కాని పదేండ్లకు తక్కువ కాని కఠినశిక్ష పెట్టిన చట్టమది. వైద్యమునకు మార్ఫిన్ వాడుట నేరమని ఆ చట్టము అనలేదు. అయినను ఆసుపత్రి ఆ మందు తెచ్చుకొనవలెననిన అనేక అనుమతి పత్రములు కావలసియుండెను. ఒక్కొక్క పత్రము ఒక్కొక్క కచేరిది. చివరి పత్రము చేతికి వచ్చునప్పటికి మొదటిదానికి గడువు తీరెడిది. రాష్ట్రమునకొక తీరు నిబంధన. చిన్న పొరపాటునకు చెరసాల యేమో యను భయమున మందుల అంగళ్ళు దానిని ఉంచుట మానినవి. ఆసుపత్రులు అడుగుట మానినవి. ఫలితము చూడుడు. అంతకుముందు ఏటేట వందల కిలోగ్రాములుగా నుండిన మార్ఫిన్ వాడకము 1997 నాటికి 18 కిలోగ్రాములకు పడిపోయెను. దేశమంతటికిని పదునెనిమిది కిలోగ్రాములు! మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలములలో గసగసాల పంట పండుచునే యున్నది. గాజీపురము, నీముచ్ కర్మాగారములు నడచుచునే యున్నవి. ఆ నల్లమందు ఓడలెక్కి పరదేశముల రోగుల నొప్పి తీర్చుచున్నది. పండించిన దేశమున రోగి పండ్లు బిగించుకొని పడియున్నాడు. మార్ఫిన్ సీసాను చూడకయే ఒక తరము వైద్యులు చదువు ముగించుకొనిరి. అన్నపూర్ణ యింట ఆకలి చావు అనగా ఇదియే.

ఈ చీకటిలో కొందరు దీపములు పట్టుకొని వచ్చిరి. లండను నగరమున సిసిలీ సాండర్సను మహిళ మొదట దాదిగా పనిచేసి, పిదప వైద్యశాస్త్రము చదివి, 1967లో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రమమును స్థాపించెను. నొప్పి వచ్చిన తరువాత మందిచ్చుట గాక, రాకమునుపే గడియారము చూచి ఇయ్యవలెనని ఆమె చూపెను. రోగి బాధలో దేహబాధ యొక్కటియే కాదు, భయము, అప్పులు, బిడ్డల చింత, దేవుడు తనను విడిచెనేమో యను వేదన – ఇవన్నియు కలిసియుండునని ఆమె బోధించెను. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు నొప్పికి మూడు మెట్ల విధానమును ప్రకటించెను. ఆ యేడే బొంబాయిలో మన దేశపు మొదటి ఆశ్రయగృహము శాంతి ఆవేదన పేర వెలసినది. 1993లో కేరళలోని కోళికోడ్ వైద్యకళాశాలలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలగువారు నొప్పి నివారణ చికిత్సాలయమును తెరచిరి. అచ్చట గ్రామస్థులే శిక్షణ పొంది ఇంటింటికి పోయి రోగులను చూచుట నేర్చుకొనిరి. హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ పేరు గల ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలోను ఈ శతాబ్ది తొలి దశకమున ఇట్టి విభాగము ఏర్పడెను. వీరందరి యేండ్ల తరబడి పోరాటము ఫలించి, 2014లో పార్లమెంటు చట్టమును సవరించెను. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ మొదలగు మందులను అత్యవసరములుగా పేర్కొని, దేశమంతటికిని ఒకే నిబంధన చేసిరి. గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఇప్పుడు పలు కచేరీల ప్రదక్షిణము అక్కరలేదు. చట్టము మారుటకు ఇరువదితొమ్మిది యేండ్లు పట్టినది. జనుల మనస్సులలోని భయము ఇంకను పోలేదు.

మన ప్రాంతమునుండి రోగులు పోయిన దారులును చరిత్రలో భాగమే. పూర్వము ధర్మవరమున బండి మారి, కదిరి, పాకాల మీదుగా కాట్పాడికి పోయి వేలూరు మిషను ఆసుపత్రిలో చూపించుకొనెడివారు. మదరాసున 1934లో బార్నర్డ్ కిరణ వైద్యాలయము, 1954లో ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదలతో అడయారు క్యాన్సరు ఆసుపత్రి ఏర్పడినవి. 1973లో బెంగుళూరున కిద్వాయి ఆసుపత్రి వచ్చిన పిదప మన దారి దక్షిణమునకు తిరిగినది. హిందూపురమునుండి అది నూరు కిలోమీటర్లకు అటునిటు. బెంగుళూరుననే కరుణాశ్రయమను ఆశ్రయగృహము 1999 నుండి, కుదురని క్యాన్సరు రోగులకు మూల్యము పుచ్చుకొనక సేవ చేయుచున్నది. 2000 ప్రాంతమున ధర్మవరమునకు చేరువగా బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థవారి ఆసుపత్రి వెలసెను. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలోనే ప్రారంభమైనదనుట మనవారు మరచిరి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడకమునుపు మన మూడు ఊళ్ళును ఆ అనంతపురము జిల్లాలోనివే. శస్త్రచికిత్సకును, కిరణములకును ఇల్లు తాకట్టు పెట్టనక్కరలేని కాలము ఆనాడు మొదలైనది.

ఇక కిరణచికిత్సలో ఏమి జరుగునో పెద్దలు ముందుగా తెలిసియుండుట మేలు. సామాన్యముగా వారమునకు అయిదు దినముల చొప్పున ఆరు, ఏడు వారములు ఇత్తురు. కిరణము తగులునప్పుడు నొప్పి యుండదు. రెండవ, మూడవ వారమున నోటి లోపలి పొర ఎర్రబడి, పొక్కి, పుండగును. చికిత్స ముగియు వారములలో అది మిక్కుటమగును. ముగిసిన పిదప రెండు మొదలు నాలుగు వారములలో చాలవరకు మానును. అనగా ఇది రోగము ముదిరినదనుటకు గుర్తు కాదు. దీనికి అవధి యున్నది. ఈ అవధిని ముందే చెప్పియుంచినచో మూడవ వారమున రైలెక్కువారు తగ్గుదురు. దినములు తప్పినకొలది చికిత్స బలము తగ్గునని వైద్యులు మరి మరి చెప్పుచున్నారు.

నోటికి లీటరు గోరువెచ్చని నీటిలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి దినమునకు పలుమార్లు పుక్కిలింపవలెను. భోజనమునకు ముందు నోరు మొద్దుబారుటకు వైద్యులు పూతమందు ఇత్తురు. హిందూపురపు చింతపండు, మిరపకాయ ఇతర ప్రాంతములకును పోవును. అవి లేని కూడు మనవానికి కూడు కాదు. అయినను ఆ రెండునెలలు వానిని దూరముంచక తప్పదు. చల్లారిన రాగిజావ, పాలు, పెసరకట్టు, మెత్తగా మెదిపిన అరటిపండు, ఉడికిన గ్రుడ్డు తిను అలవాటున్నవారికి గ్రుడ్డు – ఇవి మ్రింగుడుపడును. పుల్లని మజ్జిగ మంట పెట్టును. అదియును పోనప్పుడు ముక్కుగుండ సన్నని గొట్టము వేయుదురు. గొట్టము వేసినారనగానే ఇంటిలో శోకాలు మొదలు పెట్టుట మనవారి పద్ధతి. చాలమందికి అది కొలది వారముల సాధనము; పుండు మానగానే తీసివేయుదురు. ఆ గొట్టములోనుండియే నొప్పి మందును ద్రవరూపమున ఇయ్యవచ్చును.

మందుల మెట్లు ఇవి. కొద్దిపాటి నొప్పికి పారాసిటమాల్ వంటివి. అంతకు మించినదానికి కోడీన్, ట్రమడాల్ వంటివి. తీవ్రమైనదానికి మార్ఫిన్. నొప్పి మొదటనే తీవ్రమైయున్నచో క్రింది మెట్లపై కాలయాపన చేయక మార్ఫినే మొదలుపెట్టవచ్చునని 2018 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు చెప్పుచున్నవి. సామాన్యపు మార్ఫిన్ బిళ్ళ బలము నాలుగు గంటలు. కనుక నాలుగు గంటలకొకసారి వైద్యుడు చెప్పిన మోతాదు పడవలెను. నొప్పి వచ్చువరకు దాచుకొనరాదు. దీర్ఘకాలము పనిచేయు బిళ్ళలు వేరుగా కలవు. వానిని నలుగగొట్టి గొట్టములో పోయుట ప్రాణాపాయము. మంటగా, సూదులు గ్రుచ్చినట్లుగా, కరెంటు తగిలినట్లుగా ఉండునది నరముల నొప్పి. దానికి మార్ఫిన్ ఒక్కటి చాలదు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి మందులు తోడుచేయుదురు. సిస్‌ప్లాటిన్ అను మందు ఎక్కించుకొనువారు అంగడిలో తమకు తాము కొన్న నొప్పి బిళ్ళలు మ్రింగిన మూత్రపిండములు చెడును. ఇది తెలియక నష్టపోవువారు కలరు.

మార్ఫిన్ అనగానే రెండు ప్రశ్నలు వచ్చును. "అలవాటు పడడా?" అని యొకటి. నొప్పి కొరకు, చెప్పిన మోతాదులో పుచ్చుకొనువారిలో వ్యసనము అరుదు. నొప్పి తగ్గగనే మోతాదును మెల్లమెల్లగా తగ్గించి మానిపించుదురు, ఒక్కసారిగా ఆపరాదు. "అది ఇచ్చినారనిన కడపటి గడియ వచ్చినట్లేనా?" అని రెండవది. కాదు. కిరణచికిత్స నడుమ రెండు నెలలు మార్ఫిన్ పుచ్చుకొని, పుండు మాని, మందు మాని, మరల పొలము పనికి పోవువారున్నారు. అయితే దానికి దోషములు లేవని చెప్పరాదు. మలబద్ధము తప్పక కలుగును. అందుచేత విరేచన మందును మొదటి దినమునుండియే తోడుగా ఇత్తురు. మొదటి రెండు మూడు దినములు వాంతి, మగత ఉండవచ్చును. లేపినను లేవని మగత, మందగించిన ఊపిరి కనబడిన వెంటనే వైద్యునికి తెలుపవలెను. సీసాను పిల్లలకు అందనిచోట తాళము వేసి యుంచవలెను. ఒకరి మందు మరొకరికి ఇయ్యరాదు.

చికిత్స ముగిసిన పిదప మిగులు నొప్పులను గూర్చి ఎవరును అడుగరు. మెడలోని గడ్డలు తీయునప్పుడు భుజమునకు పోవు నరము దెబ్బతినిన, చేయి పైకి లేవదు, భుజము జారి గుంజును. కచేరిలో కలము పట్టువానికి ఇది చిన్న సంగతి కావచ్చును. ధర్మవరపు మగ్గము గుంటలో కూర్చుండి రోజంతయు చేతులాడించు నేతగానికి అది జీవనోపాధి. ఆసుపత్రి విడుచుటకు ముందే భుజపు వ్యాయామము నేర్పించుకొని ఇంటియొద్ద విడువక చేయవలెను. దవడ బిగిసికొనిపోకుండ దినమునకు కొన్నిమార్లు నోరు తెరచు సాధనమును అట్టిదే. చెడిన పండ్లను కిరణములకు పూర్వమే తీయించుకొనవలెను. తరువాత తీసిన దవడ ఎముక మానక కుళ్ళి, ఆ నొప్పి యేండ్ల తరబడి వేధించును.

రోగితో తోడు పోవు కొడుకో, తమ్ముడో వెంట చిన్న పుస్తకమొకటి యుంచుకొని, ఏ గంటకు ఏ మందు ఇచ్చినది, అప్పుడు నొప్పి పదిలో ఎంత యన్నది, రాత్రి ఎన్ని గంటలు నిద్రించినది వ్రాయవలెను. మూడు దినముల లెక్క చూచిన వైద్యునికి మోతాదు మార్చుటకు అదియే ఆధారము. బెంగుళూరు విడుచునప్పుడు మరియొక ప్రశ్న తప్పక అడుగుడు. అచ్చటి ఆసుపత్రి కర్ణాటక రాష్ట్రమున నున్నది. మన యిల్లు ఆంధ్రదేశమున నున్నది. చేతిలోని మార్ఫిన్ ఎన్ని దినములకు వచ్చును, అయిపోయిన పిదప మన జిల్లాకు చేరువలో ఏ ఆసుపత్రి దానిని ఇచ్చును, దానికి ఏ కాగితము చూపవలెను – ఈ మూడును వ్రాయించుకొనక రైలెక్కవలదు.